జుమ్మేరాత్ బజారులో కొన్న సిపాయి పటం, దానితో ఇచ్చిన ఇత్తడి బిళ్ళ: ఈ రెండూ ఒకరివేనా?

పటాల_పెట్టె
గత గురువారం హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో ఒక పాత సిపాయి పటం కొన్నాను. పోస్టుకార్డు పరిమాణంలో ఉంది. తలపాగా చుట్టుకున్న మనిషి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు, పక్కన చిన్న గుండ్రటి బల్ల మీద పూలకుండీ ఉంది, వెనుక తెర మీద స్తంభాలూ మెట్లూ చిత్రించి ఉన్నాయి. జబ్బ మీద మూడు పట్టీలు స్పష్టంగా కనబడుతున్నాయి. కుడి ముంజేతి మీద, మణికట్టుకు కాస్త పైన, ఇంటి కప్పు ఆకారంలో మరో మూడు చిన్న గీతలు ఒకదాని మీద ఒకటి కుట్టి ఉన్నాయి, ఒక్కొక్కటి చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. ఛాతీ మీద పతకాలేమీ లేవు. భుజం మీద ఇత్తడి అక్షరాలు ఉన్నాయి గాని నా కంటికి ఆనడం లేదు.

దీనితో పాటు అదే ప్లాస్టిక్ సంచిలో ఒక ఇత్తడి భుజం బిళ్ళ ఇచ్చాడు. దాని మీద పైన 19 అంకె, కింద ఇంగ్లీషు అక్షరాలలో హైదరాబాద్ అని ఉంది. "నిజాం సైన్యంలో హవల్దారు, మొదటి యుద్ధానికి వెళ్లాడు, బిళ్ళ కూడా ఆయనదే" అని చెప్పి రెండింటికీ కలిపి నాలుగు వేలు తీసుకున్నాడు. పటం వెనుక సిరాతో తెలుగులో రెండు వరుసలు రాసి ఉన్నాయి. అమ్మకందారు ధర చీటీ అంటించి పీకేసిన చోట మొదటి వరుస జిగురు కింద పడిపోయింది. రెండో వరుసలో "బస్రా నుంచి వచ్చిన పిమ్మట" అన్నంత వరకు చదవగలిగాను.

నేను మోసపోయానా లేదా అన్నది నాకు పెద్ద చింత కాదు. ఈ మనిషి ఎవరో, ఈ బిళ్ళ నిజంగా ఆయన భుజం మీదిదేనో తెలుసుకోవాలని ఉంది.

ఇత్తడిబిళ్ళ
బిళ్ళ ఆయనది కాదు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ అన్న పేరు 1922లో సైన్యాన్ని పునర్వ్యవస్థీకరించినప్పుడు పుట్టింది, 1945లో కుమావూఁ రెజిమెంట్‌గా మారింది. అందువల్ల ఆ బిళ్ళ ఆ ఇరవైమూడేళ్లలో ఎప్పటిదో అయి ఉండాలి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అలాంటి పేరు గల పటాలమే లేదు.

చార్మినార్_చెంత
పేరులో హైదరాబాద్ ఉంది కాబట్టి నిజాం సైన్యమని అమ్మకందారు అనుకుని ఉంటాడు. పాపం, అందులో దురుద్దేశం ఉండకపోవచ్చు.

ఇత్తడిబిళ్ళ
చార్మినార్_చెంత గారన్న పొరపాటు చాలామంది చేస్తారు కనుక కొంచెం వివరంగా రాస్తాను. హైదరాబాద్ కాంటింజెంట్ అనే దళం నిజాం పేరు మీద, నిజాం ఖర్చు మీద నడిచినా, దాని అధికారులు బ్రిటిష్ వారు, పెత్తనం ఈస్టిండియా కంపెనీది. దాని జీతాల బాకీల కోసమే 1853 ఒప్పందంలో బేరారు ప్రాంతాన్ని కంపెనీ చేతికి అప్పగించవలసి వచ్చింది. 1903లో ఆ కాంటింజెంట్‌ను బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపేసి, అందులోని కాల్బలాలకు 94 నుంచి 99 వరకు అంకెలు ఇచ్చారు. 1922లో ఆ పటాలాలే 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి. అప్పటికి అందులో సిపాయిలు ఎక్కువగా కుమావూఁ కొండల వారు, అహీర్లు, జాట్లు. అందుకే పేరు కుమావూఁగా మార్చడం సబబయింది. నిజాం సొంత సైన్యం దీనికి పూర్తిగా వేరు. మొదటి యుద్ధంలో సూయజ్‌కు, పాలస్తీనాకు వెళ్లినది నిజాం వారి ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు, అంటే గుర్రపు దళం. ఢిల్లీలోని తీన్ మూర్తి స్మారకంలో నిలబడిన ముగ్గురూ జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ లాన్సర్లకు ప్రతీకలు.

కాబట్టి బిళ్ళ మీద హైదరాబాద్ అని ఉన్నా అది మన హైదరాబాదీ బిళ్ళ కానక్కరలేదు, పటంలో ఉన్న తెలుగు మనిషిది అయ్యే అవకాశం ఇంకా తక్కువ.

సికింద్రాబాద్_సందు
బిళ్ళ అసలైనదేనా అన్నది కూడా చూడాలి. వెనుక వైపు ఫొటో పెట్టగలరా? అచ్చు కొట్టిన బిళ్ళకు ముందు పొంగిన చోట వెనుక గుంట ఉంటుంది, అంచులు పదునుగా ఉంటాయి. వెనుక చదునుగా ఉండి, ఒంటి మీద సూదితో పొడిచినట్టు సన్నని గుంటలు కనబడితే అది పోత పోసిన నకలు. నకళ్లు కుప్పలుగా వస్తున్నాయి.

హవల్దార్_మనవడు
పైమాటతో నేను ఏకీభవించలేను. ఇంగ్లండులో తయారైన బ్యాడ్జీలకు ఆ కొలబద్ద సరిపోతుంది గాని, మన దేశపు కంటోన్మెంటు బజార్లలో కంచరి వారు ఇసుక మూసలో పోత పోసి ఇచ్చిన బిళ్ళలను సిపాయిలు నిజంగానే భుజాన పెట్టుకున్నారు. మా ఇంట్లో ఉన్నది అటువంటిదే. మా తాతగారు దానిని పెట్టెలో దాచుకున్నారు గాని ఎవరి దగ్గరా కొన్నది కాదు. పోత అనగానే నకలని తీసిపారేస్తే మన వాళ్ల బిళ్ళలే ముందుగా చెత్తబుట్టలోకి పోతాయి. అరుగుదల చూడండి. సిపాయి రోజూ తుడిచిన బిళ్ళలో ఎత్తైన చోట్లన్నీ ఒకే తీరుగా నునుపెక్కి ఉంటాయి, అక్షరాల మూలల్లో పాలిష్ ముద్ద గట్టిపడి ఉంటుంది. నిన్నగాక మొన్న ఆమ్లంలో ముంచి పాతబరిచిన దానికి ఆ తేడా ఉండదు.

సికింద్రాబాద్_సందు
ఆ మాట నిజమే. నేను ఇంగ్లండు సరుకును దృష్టిలో పెట్టుకుని రాశాను. అరుగుదల గురించి మీరు చెప్పినది గుర్తుంచుకుంటాను.

గోదారి_గట్టు
దయచేసి దానిని పీతాంబరితో గాని చింతపండుతో గాని తోమకండి. ఇది నా అనుభవం. మా మేనమామ గారి టోపీ బ్యాడ్జీని మా అమ్మ ఎంతో ప్రేమతో, పూజ సామాను తోమినట్టే, చింతపండూ ఉప్పూ వేసి తోమింది. అరగంటలో బంగారంలా మెరిసింది. నూరేళ్ల నాటి గోధుమ వన్నె మొత్తం పోయింది, కిరీటం మీది ముత్యాల చుక్కలు సగం అరిగాయి. అమ్మను ఏమనగలను? ఆవిడకు అది తమ్ముడి వస్తువు, శుభ్రంగా ఉండాలంతే.

పటాల_పెట్టె
బిళ్ళ వెనుక గుంట ఉంది, అచ్చు కొట్టినదే అనుకుంటున్నాను. చింతపండు జోలికి పోను. అయితే బిళ్ళ సరైనదే అయినా ఈ మనిషిది కాదన్న మాట. మరి అమ్మకందారు మాటలో యుద్ధం సంగతి కూడా కల్పనేనా? పతకాలు లేవు కదా.

తెలినీలి
పతకాలు లేకపోవడం వల్ల ఏమీ తేలదు. మీరు రాసిన ఇంటి కప్పు గీతలే అసలైన సాక్ష్యం. అవి విదేశీ సేవా చిహ్నాలు. 1918లో ప్రవేశపెట్టారు, 1922లో రద్దు చేశారు. దేశం దాటి వెళ్లినందుకు ఒకటి, ఆపైన గడచిన ప్రతి పన్నెండు నెలలకూ ఒకటి. మూడు ఉన్నాయంటే కనీసం రెండేళ్లు బయట ఉన్నాడన్న మాట. 1914 ముగియక ముందే వెళ్లిన వారికి మొదటిది ఎరుపు, మిగిలినవి నీలం. మీ పటంలో అడుగున ఉన్నది మిగతా రెంటికన్నా ముదురుగా ఉందా?

పటాల_పెట్టె
మూడూ ఒకే తీరుగా, తేలికగా ఉన్నాయి. దాదాపు తెల్లగా కనబడుతున్నాయి.

తెలినీలి
అయితే మూడూ నీలమే. ఆనాటి ఫొటో ప్లేట్లకు ఎరుపు రంగు సోకేది కాదు, నీలం మాత్రం అవసరానికి మించి సోకేది. అందువల్ల ఎర్ర కోటు పటంలో నల్లగా, నీలి రిబ్బను తెల్లగా వస్తాయి. ఈ సంగతి తెలియక ఎన్నో ఆల్బముల కింద తప్పు పటాలాల పేర్లు రాశారు. మీ మనిషి 1915లోనో ఆ తరువాతనో ఓడ ఎక్కాడు, పటం 1918కీ 1922కీ మధ్య తీయించుకున్నాడు. బస్రా అన్న మాట దీనికి అతికినట్టు సరిపోతుంది. మెసొపొటేమియాకు, అంటే నేటి ఇరాకుకు, వెళ్లిన మన సేనలలో ఎక్కువ భాగం దిగినది ఆ రేవులోనే.

చార్మినార్_చెంత
సికింద్రాబాదులో లాలా దీన్ దయాళ్ స్టూడియో ఉండేది కదా, ఆయన తీసిన పటమైతే విలువ ఎక్కడికో వెళుతుంది.

తెలినీలి
దీన్ దయాళ్ గారు 1905లోనే కాలం చేశారు. ఆయన తదనంతరం కుటుంబం వారు స్టూడియో నడిపారు గాని, అట్ట మీద పేరు అచ్చు లేని పోస్టుకార్డు పటాన్ని వారికి అంటగట్టలేము. అయినా ఈ పటం విలువ తీసినవారిని బట్టి కాదు, కూర్చున్నవారిని బట్టి.

మెల్బోర్న్_తెలుగు
నేను ఇక్కడ ప్రతి ఏడూ జరిగే మిలిటరీ వస్తువుల సంతలకు వెళుతుంటాను. ఆస్ట్రేలియా సిపాయి పటం అమ్మకానికి వస్తే దాని పక్కన పేరు, నంబరు, పుట్టిన ఊరు, పడిపోయిన చోటు అన్నీ రాసిన చీటీ ఉంటుంది. మన సిపాయి పటం పక్కన "భారతీయ సిపాయి, పేరు తెలియదు" అని మాత్రమే ఉంటుంది. ఆ రెండు చీటీలనూ పక్కపక్కన చూసిన రోజు రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పటాల_పెట్టె గారు ఎప్పుడైనా అమ్మదలచుకుంటే మంచి ధరకు నేను తీసుకుంటాను, జాగ్రత్తగా కాపాడతాను.

వేదిక_నిర్వాహకుడు
మెల్బోర్న్_తెలుగు గారి ఆవేదన అర్థమవుతోంది గాని ఈ వేదికలో విదేశీ కొనుగోళ్ల ప్రస్తావన వద్దు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. రాతప్రతులకూ పత్రాలకూ అయితే డెబ్బై అయిదేళ్లే గడువు. ఈ పటం వయసు తెలినీలి గారు చెప్పినట్టయితే ఆ పరిధిలోకి రావచ్చు. మరొక విషయం, బ్యాడ్జీలు పెట్టెలో ఉంచుకోవడం తప్పు కాదు గాని సిపాయినని నమ్మించేలా వాటిని ఒంటి మీద ధరించడం పాత శిక్షాస్మృతి 140వ సెక్షన్ నాటి నుంచీ నేరమే.

మెల్బోర్న్_తెలుగు
చట్టం సంగతి ఆలోచించకుండా రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

హవల్దార్_మనవడు
పతకాల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. బ్రిటిష్ వార్ మెడల్‌ను ప్రకటించినదే 1919 జూలైలో. అది సిపాయి చేతికి అందేసరికి మరికొంత కాలం పట్టింది, కాబట్టి యుద్ధం నుంచి వచ్చీ రాగానే తీయించుకున్న పటంలో పతకం కనబడకపోవడమే సహజం. ముప్పై ఆరు మిల్లీమీటర్ల వెండి బిళ్ళ అది. దాని అంచు చుట్టూ సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం అచ్చు కొట్టి ఉంటాయి. కూలి దళాలలో వెళ్లిన మన వారికి వెండికి బదులు కంచుది ఇచ్చారు, దాని అంచునా పేరు ఉంటుంది. ఇంట్లో పాత పతకం ఉన్నవారు ముందుగా భూతద్దంతో అంచు చూడండి.

మా తాతగారి పతకం అంచు చూసే అదృష్టం నాకు లేకపోయింది. మా మేనత్త పెళ్లికి వెండి తక్కువైందని మా నాయనమ్మ దానిని కంసాలికి ఇచ్చింది. ఆయన పేరు, నంబరు, పటాలం కరిగి కాలి పట్టీలయ్యాయి. ఇప్పుడు నా దగ్గర ఆ ఇసుక పోత బిళ్ళ ఒక్కటే ఉంది. దాని మీద పేరు ఉండదు కదా.

గోదారి_గట్టు
ఆ పట్టీలైనా ఉన్నాయా?

హవల్దార్_మనవడు
మా అత్త దగ్గర ఉన్నాయి. ఆవిడ వాటిని ఎవరికీ ఇవ్వదు, అడగవలసిన అవసరం కూడా నాకు లేదు.

సికింద్రాబాద్_సందు
పటాల_పెట్టె గారు, భుజం మీది అక్షరాలను ఫోనుతో తీసిన ఫొటోలో వెతకకండి. పటాన్ని స్కానరు మీద బోర్లించి అంగుళానికి 1200 చుక్కల సాంద్రతతో స్కాన్ చేసి, రంగులు తీసేసి, ఆ భాగాన్ని మాత్రమే పెద్దది చేసి చూడండి. నూరేళ్ల నాటి పటంలో మన కంటికి ఆనేదానికన్నా ఎక్కువ వివరం దాగి ఉంటుంది. చీకటి గదిలో అతినీల లోహిత దీపం కింద కూడా ఒకసారి చూడండి. కాగితం నీలితెలుపుగా వెలిగితే అది 1950ల తరువాతి కాగితం, అంటే తిరిగి అచ్చువేసిన ప్రతి.

పటాల_పెట్టె
రెండు పనులూ చేశాను. కాగితం వెలగలేదు, పసుపు మచ్చలా చీకట్లోనే ఉండిపోయింది. నల్లని భాగాల అంచుల్లో, పక్కకు వంచి చూస్తే, అద్దానికి పూసిన రసంలాంటి మెరుపు కనబడుతోంది. భుజం మీద పై వరుస తలపాగా నీడలో పడి పోయింది. కింది వరుసలో ఎస్, దాని తరువాత & గుర్తు, ఆ తరువాత ఎమ్ ఉన్నాయి. నాలుగు సార్లు చూశాను, సందేహం లేదు.

ఇత్తడిబిళ్ళ
ఎస్ & ఎమ్ అంటే శాపర్స్ అండ్ మైనర్స్. తెలుగు రాత ఉంది కాబట్టి బెంగుళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు శాపర్లనే ముందుగా అనుమానించాలి. అందులో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాల వారు పనిచేసేవారు. వారి దళాలు కొన్ని అప్పట్లో మెసొపొటేమియాలో ఉండేవి. వంతెనలు కట్టడం, కందకాలు తవ్వడం, రోడ్లు వేయడం వారి పని. తుపాకీ పట్టిన వారి కన్నా పార పట్టిన వారిని చరిత్ర తొందరగా మరిచిపోతుంది, అందుకే ఈ పటం చూసి నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే బెంగాల్ శాపర్లు, బొంబాయి శాపర్లు కూడా ఉండేవారు, పై వరుస చదవనిదే ఖాయం చేయకండి.

గోదారి_గట్టు
ఉత్తరాదిలో ఒకప్పుడు సిపాయినే తిలంగా అనేవారు. తెలుగు నేల నుంచి వెళ్లిన వారే మొదట కంపెనీ పటాలాలలో అంతగా కనబడ్డారు మరి. మా జిల్లాలో మాధవరం అనే ఊరిని అందరూ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ఇంటికొకరు సైన్యానికి వెళ్లిన ఊరది. అటువంటి ఊళ్లలో ప్రతి నడవాలోనూ గోడ మీద ఇటువంటి పటం ఒకటి వేలాడేది. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టినప్పుడు చట్రం పాత సామాను వాడికి పోతుంది, అక్కడి నుంచి గురువారం సంతకు చేరుతుంది. మనం కొనేది అక్కడ.

చార్మినార్_చెంత
అయితే ఇది ఎవరి ఇంటి గోడ మీదిదో వెతికి వారికే ఇచ్చేయాలి కదా? పటాన్ని సేకరణలో దాచుకోవడం నాకు అంత న్యాయంగా తోచడం లేదు.

సికింద్రాబాద్_సందు
ఆ ఇంటివారే పారేశారు. కొన్నవాడు కాపాడకపోతే ఈపాటికి పకోడీ పొట్లం అయ్యేది. సేకరించేవాడిని దొంగను చూసినట్టు చూడకండి.

హవల్దార్_మనవడు
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది గాని, పారేసిన వారికి దాని మీద ఎవరున్నారో తెలిసి పారేశారని నేను అనుకోను. మూడో తరానికి పటంలోని ముఖం ఎవరిదో తెలియదు. తెలియజెప్పిన తరువాత కూడా వద్దంటే అప్పుడు మనది. మా తాతగారి పతకం ఏ సేకరణలోనైనా ఉండి ఉంటే, సేకరించినవారు తెచ్చి ఇవ్వకపోయినా సరే, అంచు ఒకసారి చూపిస్తే చాలునని ఎన్నో రాత్రులు అనుకున్నాను.

లిపి_ప్రియ
ఈ చర్చ ఇప్పుడే చూశాను. అందరూ భుజాల మీద, చేతుల మీద ఉన్నవి చదువుతున్నారు గాని తెలుగులో రాసిన మొదటి వరుసను వదిలేశారు. జిగురును నీటితో తడపవద్దు, గీకవద్దు. గది చీకటి చేసి, పటాన్ని బల్ల మీద వెల్లకిలా కాక బోర్లా పెట్టి, ఫోను దీపాన్ని బల్ల అంచున దాదాపు పడుకోబెట్టి వెలుతురు పక్క నుంచి పడేలా చేసి ఫొటో తీయండి. ఉక్కు పాళీతో రాసిన రాత కాగితంలో గాడి వేస్తుంది. సిరా కనబడకపోయినా గాడి నీడ కనబడుతుంది.

పటాల_పెట్టె
మీరు చెప్పినట్టే తీసి పైన జతచేశాను. నాకు "సి" తరువాత ఏదో, చివర "ర్థి", ఆపైన "మాఘ" అన్నంత వరకు కనబడింది. తరువాత చిన్న సున్నా లాంటిది, 5 అంకె.

లిపి_ప్రియ
"సిద్ధార్థి సం॥ మాఘ బ॥ 5". సిద్ధార్థి నామ సంవత్సరం, మాఘ బహుళ పంచమి. ద్ధ వత్తు జిగురు కింద ఉంది గాని గాడి స్పష్టంగా తెలుస్తోంది. మీరు సున్నా అనుకున్నది "బ". సిద్ధార్థి 1919 ఉగాదితో మొదలై 1920 ఉగాది ముందు ముగిసింది, కనుక మాఘ బహుళం 1920 ఫిబ్రవరిలో పడుతుంది. అదే పేరు అరవై ఏళ్ల తరువాత 1979లో మళ్లీ వచ్చింది గాని ఆ కాగితానికీ ఆ చేతి గీతలకూ అది పొసగదు. రెండో వరుస పూర్తిగా ఇలా ఉంది: "బస్రా నుంచి వచ్చిన పిమ్మట తీయించిన పటము, అమ్మకు". "అమ్మకు" అన్న మాట అంచుకు ఆనుకుని చిన్నదిగా రాశారు. తరువాత చోటు చాలక ఆపినట్టుంది.

తెలినీలి
1918కీ 1922కీ మధ్య అన్నాను. ఆయనే తిథితో సహా రాసి పెట్టాడు.

గోదారి_గట్టు
అమ్మకు. రెండేళ్లకు పైగా ఆవిడ కొడుకును చూడలేదు మరి.

ఇత్తడిబిళ్ళ
ఇప్పుడు చేయవలసినది ఒక్కటే. ఆ 19 అంకె బిళ్ళను పటం నుంచి వేరుగా పెట్టండి. రెండింటినీ ఒకే చట్రంలో బిగిస్తే, మీ తరువాత చూసేవారు ఆయన్ను జన్మంతా వేరే పటాలంలో పెట్టేస్తారు. వ్యాపారులు ఒక పటానికీ ఒక బిళ్ళకూ ముడిపెట్టి ధర పెంచడం మామూలే. ఆ ముడి విప్పకుండా మనం కూడా చేతులు మార్చుకుంటూ పోతే తప్పు మనదీ అవుతుంది.

సికింద్రాబాద్_సందు
దాచడం గురించి రెండు మాటలు చెబుతాను. జిగురు పేజీల ఆల్బమూ వద్దు, మెత్తటి పీవీసీ కవరూ వద్దు, అవి కొన్నేళ్లకు పటాన్ని పట్టుకుని వదలవు. ఆమ్లం లేని కాగితపు మడతలో గాని, పాలియెస్టర్ కవరులో గాని ఉంచండి. వివరాలు పటం మీద రాయకండి, కాగితపు మడత మీద పెన్సిలుతో రాయండి. గోడకు తగిలించాలని ఉంటే స్కాన్ ప్రతిని తగిలించండి. పకోడీ పొట్లం అన్న నా మాట కొంచెం కటువుగా ఉంది, చార్మినార్_చెంత గారు మన్నించాలి.

చార్మినార్_చెంత
అందులో మన్నించవలసినదేమీ లేదు. ఆ పాత సామాను వాడికి పటం ఏ ఊరి ఇంటి నుంచి వచ్చిందో గుర్తుండవచ్చు. నేను ప్రతి గురువారం అటు వెళుతుంటాను, అడిగి చూస్తాను.

పటాల_పెట్టె
అందరికీ కృతజ్ఞతలు. బిళ్ళను వేరే పొట్లంలో పెట్టి, "పటంతో కలిపి అమ్మారు, పటంలోని వ్యక్తిది కాదు" అని రాశాను. పటాన్ని పెట్టిన మడత మీద లిపి_ప్రియ గారు చదివిన రెండు వరుసలనూ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను. పేరు రాయవలసిన చోట ఒక గీత గీసి ఖాళీగా ఉంచాను. చార్మినార్_చెంత గారు, వచ్చే గురువారం నేనూ వస్తాను. ఇల్లు దొరికితే అసలు పటం వారికి ఇచ్చి స్కాన్ ప్రతి నా దగ్గర ఉంచుకుంటాను.

లిపి_ప్రియ
వెళ్లేటప్పుడు వెనుక వైపు ఫొటో కూడా తీసుకెళ్లండి. ముఖం గుర్తుపట్టలేని వారు కూడా ఇంట్లో పెద్దవారి చేతిరాతను గుర్తుపట్టగలరు.

పటాల_పెట్టె
రెండు వైపులా పెద్దగా అచ్చు తీయించాను. గురువారం రాత్రి ఇక్కడే రాస్తాను.